రెండు పాత చైన్‌సాలను కలిపి ఒకటి కట్టించుకోవాలంటే: ఏది కలుస్తుంది, ఏది కలవదు

గోదావరి జిల్లాల్లో చైన్‌సా ఇప్పుడు కలప వ్యాపారి దగ్గరే కాదు, రైతు ఇంట్లో కూడా కనిపిస్తోంది. సరుగుడు, సుబాబుల్ కొట్టడానికి, కాపు తగ్గిన ముసలి కొబ్బరి తీయడానికి, జీడిమామిడి కొమ్మలు తగ్గించడానికి, గాలివానకు పుంతకు అడ్డంగా పడిన చెట్టు తొలగించడానికి దీన్ని వాడుతున్నారు. 1996 నవంబరు 6 తుపానుకు కోనసీమలో కూలిన కొబ్బరిని చాలా ఊళ్లలో గొడ్డళ్లతో, ఇద్దరు లాగే రంపాలతోనే ముక్కలు చేసుకున్నారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటిన తరువాత అదే పనికి వీధివీధినా చైన్‌సాలు మోగాయి.

తుపాను హడావుడిలో కొన్న చవక మిషన్లు ఏడాది తిరగకుండానే పశువుల పాక మూలకు చేరుతున్నాయి. అన్నదమ్ముల ఇళ్లలో రెండు పాడై ఉంటే మెకానిక్కు, "రెండూ ఇవ్వండి, కలిపి ఒకటి చేసి ఇస్తాను" అంటాడు. ఆ మాటలో తప్పు లేదు. సరిగా చేస్తే అలా కట్టిన మిషను కొన్నేళ్లు పనిచేస్తుంది. అయితే చైన్‌సాలో కొన్ని భాగాలు ఏ మిషనువైనా పనిచేస్తాయి, కొన్ని జతగానే ఉండాలి, కొన్ని లేకపోతే మిషను చేత పట్టుకోనే కూడదు. ఈ తేడా మెకానిక్కుతో పాటు మీకు కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే దాన్ని పట్టుకుని కోసేది మీరే.

కట్టించాలా, వద్దా

విప్పించే ముందే కావలసిన భాగాల ధర అడిగి కాగితం మీద రాసుకోండి. సిలిండరు-పిస్టను జత, ఆయిల్ సీళ్లు, కార్బొరేటరు, బార్, చైన్ అన్నీ కొత్తవి వేయాల్సి వస్తే దాన్ని పాత మిషను బాగుచేయడం అనరు, ముక్కలుగా కొత్త మిషను కొనడం అంటారు. మొత్తం ఖర్చు కొత్త చిన్న మిషను ధరలో సగం దాటితే వదిలేయమనే నేను చెబుతాను. నాలుగెకరాల కొబ్బరి ఉండి ఏడాదికి మూడు నాలుగు రోజులు మాత్రమే పని ఉండే రైతుకైతే కోత ముఠాను పిలిపించుకోవడమే మేలు. మిషను వాడకపోయినా పాడవుతుంది. నిజానికి వాడకపోతేనే తొందరగా పాడవుతుంది.

కట్టించడం లాభసాటి అయ్యేది ఇలా: రెండు మిషన్లూ ఒకే నమూనావి, ఒకదాని ఇంజను బాగుంది, ఇంకోదాని శరీరం, పిడులు, బ్రేకు బాగున్నాయి. మన దగ్గర 52, 58 సీసీ అని రాసి రకరకాల పేర్లతో అమ్మే చవక మిషన్లు చాలావరకు ఒకే మూసలోవి. స్టిక్కరు మారుతుంది, లోపలి భాగాలు ఇంచుమించు అవే. అందుకే వాటిలో ఒకదానిది ఇంకోదానికి తేలిగ్గా కలుస్తుంది. స్టిల్‌లో ఎం.ఎస్. 170, 180 ఒక కుటుంబం, ఎం.ఎస్. 210, 230, 250 ఇంకో కుటుంబం. హస్క్‌వర్నాలో 365, 372 ఒక కుటుంబం. ఒక కుటుంబంలోనివాటి మధ్య భాగాలు మార్చుకోవడం మెకానిక్కులకు అలవాటైన పనే. ఒక కంపెనీ శరీరానికి ఇంకో కంపెనీ సిలిండరు కూర్చోబెడతానంటే మాత్రం ఒప్పుకోకండి.

మొదటి ఇంజను ఎందుకు పోయింది?

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. పిస్టను పట్టేసింది, కొత్తది వేశారు, నెలకే అదీ పట్టేసింది. రైతు సామాను నకిలీదంటాడు, మెకానిక్కు మీరు ఆయిలు తక్కువ కలిపారంటాడు. పాత పిస్టనును తీసి చూస్తే ఆ తగువు తీరిపోతుంది. అందుకే దాన్ని పారేయనివ్వకండి, అడిగి తీసుకోండి.

సైలెన్సరు వైపు మాత్రమే నిలువు గీతలు పడి ఉంటే ఇంజనుకు పెట్రోలు చాలక వేడెక్కిందని అర్థం. కార్బొరేటరు సర్దుబాటు తప్పి ఉండాలి, లేదా ఎక్కడి నుంచో గాలి దొంగతనంగా లోపలికి పోతూ ఉండాలి. చుట్టూ గీతలుంటే ఆయిలు కలపని పెట్రోలు పోసినట్టే. కార్బొరేటరు వైపు మసక బారి, సన్నగా అరిగి ఉంటే ఎయిర్ ఫిల్టరు దాటి దుమ్ము పోయింది. సరుగుడు తోటల ఇసుక నేలల్లో పనిచేసే మిషన్లకు ఇది తరచు వచ్చే జబ్బు.

గాలి లీకు కంటికి కనబడదు. క్రాంకు రెండు చివర్ల ఉండే ఆయిల్ సీళ్లు, కార్బొరేటరుకు సిలిండరుకు మధ్య ఉండే రబ్బరు గొట్టం, సిలిండరు కింది ప్యాకింగు, ఈ మూడూ దానికి దారులు. వాటిని పరీక్షించడానికి పెద్ద సామాను అక్కరలేదు. సైలెన్సరు తీసి ఆ రంధ్రాన్ని పాత ట్యూబు ముక్కతో బిగించి మూయాలి. కార్బొరేటరు వైపు కూడా అలాగే మూసి, ఒక సన్నని గొట్టం ద్వారా గేజీ ఉన్న చేతి పంపుతో 7 పి.ఎస్.ఐ. వరకు గాలి ఎక్కించి, అనుమానం ఉన్నచోట్ల సబ్బు నీళ్లు రాయాలి. బుడగలు వచ్చినచోటే లీకు. పంపును తిప్పి గాలి లాగి కూడా చూడాలి. కొన్ని సీళ్లు ఒత్తిడికి నిలబడి, లాగినప్పుడు వదులుతాయి. కలిపి కట్టే మిషనుకు రెండు ఆయిల్ సీళ్లూ కొత్తవి వేయించండి. వాటి ఖరీదు తక్కువ, అవి కాపాడే సిలిండరు ఖరీదు ఎక్కువ.

సిలిండరు, పిస్టను జత

మిషను మీద రాసిన సీసీని నమ్మి పిస్టను కొనవద్దు. పాతదాన్ని తీసుకెళ్లి వెర్నియర్‌తో కొలిపించండి. 52 అని, 58 అని రాసిన చవక చైన్‌సాలు రెండింటిలోనూ తరచు 45.2 మి.మీ. పిస్టనే ఉంటుంది. లెక్క మీరే వేసుకోవచ్చు: బోరును బోరుతో, తరువాత స్ట్రోకుతో, తరువాత 0.785తో గుణించి వెయ్యితో భాగించాలి. 45.2 బోరుకు 34 స్ట్రోకు ఉంటే వచ్చేది సుమారు 54.5 సీసీ. మిగతాది స్టిక్కరు మీది సీసీ!

వరి కోయడానికి, గట్లు శుభ్రం చేయడానికి వాడే బ్రష్ కట్టర్ల మీద కూడా 52 సీసీ అనే ఉంటుంది. దాని పిస్టను 44 మి.మీ. ఇంట్లో పాడైన బ్రష్ కట్టరు ఉంది కదా, దాని పిస్టను చైన్‌సాకు వేద్దాం అనుకునేవారు ఈ 1.2 మి.మీ. తేడా గుర్తుంచుకోవాలి. అది వదులుగా తిరుగుతుంది, స్టార్టు కూడా కాదు.

అరిగిన సిలిండరులో కొత్త పిస్టను వేయించడం సగం పని. లోపలి పూత మీద గోరుతో గీస్తే తగిలే గీత ఉంటే ఆ సిలిండరు పనికిరాదు. గోరుకు తగలకుండా అల్యూమినియం మరక మాత్రమే అంటుకుని ఉంటే దాన్ని జాగ్రత్తగా తీసి వాడుకోవచ్చు. పిస్టను మీద ఉన్న బాణం గుర్తు సైలెన్సరు వైపు ఉండాలి. రింగు సందు పిస్టనులోని చిన్న పిన్ను దగ్గరే కూర్చోవాలి. పిన్ను లాకులు పాతవి మళ్లీ వాడవద్దు, ఒక్క లాకు ఊడితే సిలిండరు మొత్తం పోతుంది.

వేరే మిషను సిలిండరు ఎక్కించినప్పుడు పిస్టను పైకి వచ్చినప్పుడు తలకు ఎంత దూరంలో ఆగుతుందో చూడాలి. ప్లగ్గు రంధ్రం నుంచి మెత్తని టంకం తీగను సిలిండరు గోడ వరకు దూర్చి, ఇంజనును చేత్తో ఒక చుట్టు తిప్పి, నలిగిన చివర కొలవండి. 0.5 మి.మీ. కంటే పలచగా నలిగితే ప్రమాదం, వేడికి పిస్టను తలకు తగులుతుంది. ఒక మి.మీ. దాటి ఉంటే బలం తగ్గుతుంది. అన్నీ బిగించాక స్టార్టరు పిడి పట్టుకుని మిషనును గాలిలో వేలాడదీస్తే ఆగి ఆగి మెల్లగా కిందికి దిగాలి. జర్రున జారిపోతే కంప్రెషను లేదు.

బార్, చైన్, పళ్ల చక్రం

ఈ మూడూ ఒకే కొలతవి అయితేనే మిషను కోస్తుంది. చైన్‌కు మూడు కొలతలు ఉంటాయి. మొదటిది పిచ్. వరుసగా మూడు రివెట్ల మధ్య దూరం కొలిస్తే 16.5 మి.మీ. ఉన్నది .325 చైన్, సుమారు 19 ఉన్నది 3/8 చైన్. రెండవది బార్ గాడిలో నడిచే పంటి మందం: 1.1, 1.3, 1.5, 1.6 మి.మీ. రకాలున్నాయి. మూడవది అలా గాడిలో నడిచే పళ్ల సంఖ్య, దాన్ని కూర్చుని లెక్కపెట్టడమే. "20 అంగుళాల చైన్ ఇవ్వండి" అని అడిగితే దుకాణంలో ఏదో ఒకటి ఇస్తారు. మూడు కొలతలూ చెప్పి అడగండి, లేదా పాత చైన్ చేత పట్టుకెళ్లండి.

1.3 చైన్ 1.5 గాడిలో దూరుతుంది కాబట్టి సరిపోయిందనుకుంటారు. అది పక్కకు వాలి కోత వంకరపోతుంది, బార్ అంచులు తినేస్తుంది. క్లచ్ దగ్గర ఉండే పళ్ల చక్రం, బార్ ముక్కు దగ్గర ఉండే చిన్న చక్రం కూడా చైన్ పిచ్‌కే చెందినవై ఉండాలి. పళ్ల చక్రం మీద అర మిల్లీమీటరు లోతు గుంటలు పడితే మార్చేయండి. అరిగిన చక్రం మీద వేసిన కొత్త చైన్ త్వరగా సాగిపోతుంది. దీన్ని మార్చడానికి క్లచ్ విప్పాలి. చాలా మిషన్లలో దాని మర రివర్సు, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. ఇది తెలియక సుత్తితో కొట్టి క్రాంకు పాడుచేసుకున్నవారు ఉన్నారు.

పదును పెట్టే గుండ్రటి ఆకురాయి కూడా చైన్‌ను బట్టే: సన్న రకం 3/8కు 4 మి.మీ., .325కు 4.8, పెద్ద 3/8కు 5.2 లేదా 5.5. కొబ్బరి కాండం అంచు పీచు గట్టిగా ఉంటుంది. మామిడి కంటే, సరుగుడు కంటే చైన్ తొందరగా మొద్దుబారుతుంది, పీచు వచ్చి క్లచ్ మూతలో కుక్కుకుంటుంది. ప్రతి ట్యాంకు పెట్రోలు అయిపోగానే మూత తీసి శుభ్రం చేసి, రెండు మూడు సార్లు ఆకురాయి తిప్పండి. రంపపు పొట్టు బదులు మెత్తటి పొడి రాలుతుంటే చైన్ మొద్దుబారినట్టే.

బ్రేకు లేని మిషను ఇంటికి తేవద్దు

బార్ ముక్కు పైభాగం దుంగకో, కొమ్మకో తగిలితే మిషను రెప్పపాటులో మీ ముఖం వైపు లేస్తుంది. దీన్నే ఎదురుతన్ను అంటాం. బలం ఉన్నవాడు ఆపగలడనేది అపోహ, అది మనిషి కదలిక కంటే వేగం. అప్పుడు మీ ఎడమ చేతి ముందున్న కవచం ముందుకు పడి, క్లచ్ చుట్టూ ఉన్న ఉక్కు పట్టీ బిగిసి, చైన్ ఆగాలి. మిషనులో ప్రాణానికి కాపలా ఉండేది ఆ పట్టీయే.

కలిపి కట్టిన మిషన్లలో మొదట మాయమయ్యేది కూడా అదే. కొన్ని నమూనాల్లో బ్రేకు క్లచ్ మూతలో ఉంటుంది, కొన్నింటిలో శరీరంలో ఉంటుంది. ఒకదాని శరీరానికి ఇంకోదాని మూత తగిలిస్తే మరలు సరిపోవచ్చు, బ్రేకు మాత్రం ఎక్కడా ఉండదు. నా సర్వీసులో చూసిన ఒక మిషనులో కవచం వెనక్కి లాగితే టక్కుమని శబ్దం వచ్చేది. ఆ శబ్దం విని రైతు బ్రేకు ఉందనుకున్నాడు. మూత విప్పితే పట్టీ లేదు, శబ్దం చేసే స్ప్రింగు మాత్రమే ఉంది. కూలిన కొబ్బరి కింద మరో కొమ్మ ఉన్నది గమనించక ముక్కు తగిలింది. ఎడమ భుజం మీద కుట్లు పడ్డాయి. ఆ గాయం నుంచి మెడకు నాలుగు వేళ్ల దూరం.

అందుకని శబ్దం నమ్మకండి, పరీక్షించండి. మిషనును నేల మీద పెట్టి, ఎడమ చేయి పిడి మీదే ఉంచి స్టార్టు చేసి, చైన్ తిరుగుతుండగా ఎడమ మణికట్టుతో కవచాన్ని ముందుకు నెట్టండి. చైన్ ఆ క్షణమే ఆగాలి. తరువాత ఇంజను ఆపి, బ్రేకు వదిలి, వెనుక పిడి పట్టుకుని, బార్ ముక్కు ఒక మొద్దు మీద పడేలా వదలండి. ఆ కుదుపుకే బ్రేకు దానంతట అది పడాలి. మెకానిక్కు దగ్గర మిషను తీసుకునేటప్పుడు డబ్బు ఇచ్చే ముందే ఈ రెండు పరీక్షలూ ఆయన చేతే చేయించండి. ఆ తరువాత పనికి వెళ్లిన ప్రతి రోజూ మొదటిది మీరు చేయండి.

బ్రేకుతో పాటు ఇంకొన్ని చూసుకోవాలి. చైన్ తెగితే పట్టుకునే చిన్న కొక్కెం కింద ఉందా? యాక్సిలరేటరు పైన అరచేతితో నొక్కే మీట నొక్కకుండానే వేగం పెరుగుతోందా? పెరిగితే ఒప్పుకోకండి. స్విచ్ వేస్తే ఇంజను ఆగుతోందా, లేక చోక్ లాగి ఆపుతున్నారా? పిడికి, ఇంజనుకు మధ్య రబ్బరు బుడిపెలు చిరిగి ఉంటే వేళ్లు తిమ్మిరెక్కడమే కాదు, బరువు పడినప్పుడు మిషను అదుపు తప్పుతుంది.

చేయించకూడని మార్పులు

సైలెన్సరుకు రంధ్రాలు పెడితే బలం పెరుగుతుందని కొందరు పెట్టిస్తారు. ఇంజనులో నుంచి పొగ తేలిగ్గా పోతుంది కాబట్టి దానికి పెట్రోలు ఎక్కువ కావాలి. కార్బొరేటరు మార్చకుండా రంధ్రం ఒక్కటే పెడితే పిస్టను పట్టేస్తుంది. నిప్పురవ్వలు ఆపే జాలీ కూడా తీసేస్తే వేసవిలో ఎండు కొబ్బరి ఆకుల మీద పని చేసేవారికి అది మరో ప్రమాదం.

చిన్న ఇంజనుకు పొడుగు బార్ తగిలించడం ఇంకో ఆశ. 45 సీసీ మిషనుకు 22 అంగుళాల బార్ వేస్తే చైన్ లాగలేదు, ఆయిలు కొస వరకు చేరదు. లావు కాండాన్ని రెండు వైపుల నుంచి కోయడం నేర్చుకుంటే అంత బార్ అవసరమే రాదు.

గోడలు, ఇనుము కోసే కరెంటు గ్రైండరుకు చైన్ తగిలించే పరికరం ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతోంది. దానికి బ్రేకు లేదు, ఆయిలు పంపు లేదు, వేగం చైన్‌కు తగినది కాదు. అది కొనవద్దు, ఎవరైనా ఇచ్చినా వాడవద్దు.

వరదలో మునిగిన మిషను

లంక గ్రామాల రైతులు 2022 జులైలో మునిగిన పంపు ఇంజన్లతో పాటు చైన్‌సాలు కూడా బయటికి తీశారు. మునిగిన మిషను తాడు వెంటనే లాగవద్దు. లోపల నీళ్లుంటే కనెక్టింగు రాడ్డు వంగుతుంది, ఒండ్రు ఉంటే సిలిండరు గీసుకుపోతుంది. ముందు ప్లగ్గు తీసి, మిషను తలకిందులు చేసి నీరు ఓడ్చి, ట్యాంకులు ఖాళీ చేసి, మంచి నీటితో బురద కడగాలి. ఆ రోజే మెకానిక్కు దగ్గరికి చేర్చగలిగితే ఇంజను దక్కుతుంది. ఆలస్యమైతే క్రాంకు బేరింగులు తుప్పు పడతాయి. అలాంటి మిషను నుంచి క్రాంకు తీసి ఇంకోదానికి వేయిస్తామంటే ఒప్పుకోకండి. పిడులు, మూతలు, ట్యాంకు, స్టార్టరు వాడుకోవచ్చు.

కట్టిన తరువాత

పెట్రోలులో కలిపే ఆయిలు టూ-స్ట్రోక్ ఆయిలే అయి ఉండాలి. చవక మిషన్లకు లీటరుకు 40 మి.లీ., పెద్ద కంపెనీల మిషన్లకు వారి ఆయిలు వాడితే లీటరుకు 20 మి.లీ. సరిపోతుంది. కొత్త పిస్టనుకు మంచిదని ఇంతకు రెట్టింపు పోస్తే మేలు కంటే కీడే. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను, కార్బొరేటరులోని పల్చని పొరలను మెత్తబరుస్తుంది. కట్టించేటప్పుడే పెట్రోలు గొట్టం, కార్బొరేటరు పొరల కిట్టు కొత్తవి వేయించండి. వారం పైన మిషను పక్కన పెట్టాల్సి వస్తే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతట అది ఆగేవరకు నడపండి.

కార్బొరేటరు మీది మూడు మరలలో హెచ్ అని ఉన్నదానితో జాగ్రత్త. కోత లేకుండా పూర్తి వేగంలో ఉన్నప్పుడు ఇంజను శబ్దం కాస్త గరగరలాడాలి, కలపలో దిగగానే ఆ గరగర పోవాలి. ఖాళీగా ఉన్నప్పుడే ఈలలా సన్నగా కీచుమంటే పెట్రోలు చాలడం లేదన్నమాట, వెంటనే ఆ మర కొద్దిగా విప్పండి. మెల్లని వేగంలో ఉన్నప్పుడు చైన్ కదలకూడదు. మొదటి రెండు మూడు ట్యాంకులు సన్న కొమ్మల మీదే వాడండి.

బార్‌కు పోసే ఆయిలు 40 గ్రేడు కొత్తదే పోయండి. ట్రాక్టరు నుంచి తీసిన కాలిన ఆయిలులో ఇనుప రజను ఉంటుంది, అది ఆయిలు పంపును, బార్‌ను తినేస్తుంది. పంపు పని చేస్తోందో లేదో చూడటానికి పాత సిమెంటు గోనె కాగితం మీదికి బార్ ముక్కు చూపి, తగలకుండా కాస్త వేగం పెంచండి. కాగితం మీద ఆయిలు చారలు పడాలి.

పాత మిషను అమ్మిన వారి దగ్గర బిల్లు, ఉంటే మిషను నంబరు తీసుకోండి, దొంగ మిషన్ల బెడద తప్పుతుంది. చెట్టు కొట్టే ముందు వాల్టా చట్టం కింద ఆ జాతికి అనుమతి కావాలో లేదో మీ రైతు సేవా కేంద్రంలో గాని, అటవీ శాఖ వారి దగ్గర గాని అడిగి తెలుసుకోండి. కరెంటు తీగల మీద వాలిన చెట్టును మాత్రం విద్యుత్ సిబ్బంది వచ్చి లైను ఆపేవరకు ముట్టుకోవద్దు.